నీళ్ళలో పుట్టిన అవ్వ

"అవ్వా, ఈ వీధి పిలకాయలంతా నిన్ను చేపవ్వ అంటా ఉండారే, ఏంది ఆ కత?"

ఎవురు చెప్పినారు నీకు? ఆ రేష్మేనా? అది నోరు కాదు తల్లో, మైకు. సరే, ఆ ఫోను అట్ట పక్కన పెట్టు, నా మొహం మీద పెట్టబాక, మాట వస్తే చాలు కదా. ముందు చెప్పు, నువ్వు తిన్నావా? కొండాపురం నుంచి ఎప్పుడనగా బయల్దేరినావో ఏమో. తిన్నావా, సరే.

మన పక్కింటి మస్తాను ఉండాడే, ఓమ్ని వ్యాను బాడుగకి తోలతాడు. ఆయన భార్య షహీనా, మిషను కుడతాది. నా రవికలన్నీ ఆ బిడ్డే కుట్టేది. వయసుకి నా కూతురంత ఉంటాది గానీ మాది స్నేహమే. మధ్యానం పూట ఇద్దరం కూకోని ఊళ్ళో అందరి ఇళ్ళూ నోటితోనే ఒక చుట్టు చుట్టి వస్తాము. వాళ్ళకి ఇద్దరు పిలకాయలు. రేష్మ రెండో తరగతి. బాషా గాడికి నాలుగేళ్ళు. నాలుగేళ్ళోడికి అంత బుర్ర ఎందుకిచ్చినాడో ఆ దేవుడు.

ఒకరోజు రేష్మ అడిగింది, అవ్వా నువ్వు పుట్టిన ఊరేది అని. నేనేం చెప్పాల? ఉన్నమాటే చెప్పినాను. సోమశిల డ్యాము నీళ్ళ కింద ఉండాదమ్మా మా ఊరు, నేను ఆడే పుట్టినాను అని. నీకు తెలుసు కదా, నాకు పెండ్లయి ఉదయగిరికి వచ్చినాక ఆ డ్యాము నింపినారు, ఊరు ఖాళీ చేయించినారు. మా నాయన వాసాలు పీక్కున్నాడు, తలుపులు పీక్కున్నాడు, అన్నీ బండికెత్తినాడు. మా అమ్మ రోలు మాత్రం రాలేదు. పెరట్లో పాతిన రోలు, ఎంత తవ్వినా కదల్లేదు. మావాళ్ళు కొండాపురం చేరి మిక్సీ కొన్నాక కూడా మా అమ్మ అంటానే ఉండింది, నా రోలు ఆడే పోయిందే అని. మీ తాత, అదే మా తమ్ముడు, ఒక ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు పోయి చూసొచ్చినాడు. గోడలు లేవంట, రోలు ఉండాదంట. నాకు ఒక్కసారి దాంట్లో చెయ్యి పెట్టి చూసుకోవాలని ఆశ. ఎన్నేళ్ళ ఆశో అది... ఏం చెప్తా ఉన్నాను? ఆఁ, బాషా.

వాడు నా మాటంతా విని మెల్లిగా వచ్చి నా కాళ్ళకాడ కూకున్నాడు. నా మడిమెల పగుళ్ళు గోటితో గీకి చూసినాడు. "అక్కా, పొలుసులు" అన్నాడు.

అంతే. నేను చేపనై పోయినాను.

నవ్వబాక, ముందు విను. ఆ ఆదివారం షహీనా చేపలు వేయించింది. వీడు పళ్ళెం చూసి గుక్కపట్టి ఏడిచినాడంట, అవ్వ వాళ్ళ చిన్నాయనను తింటా ఉండారు అని! అప్పట్నుంచి ఆ ఇంట్లో చేప లేదు. మస్తానుకేమో చేప లేకపోతే ముద్ద దిగదు. వారం తిరిగేసరికి మొహం పీక్కుపోయి నా కాడికి వచ్చినాడు. "పెద్దమ్మా, నీకు దండం పెడతాను, నువ్వు మనిషివని వాడికి నువ్వే చెప్పు" అన్నాడు. చూడు నా ఖర్మ! డెబ్బై ఏళ్ళు వచ్చినాక నేను మనిషినని నేనే సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది. చెప్పినాను. వాడు వింటే కదా? నా చెయ్యి నిమిరి, "నువ్వు మర్చిపోయినావు అవ్వా" అన్నాడు.

అప్పుడు మస్తానుకి తోచింది. "సోమశిల పోదాం పెద్దమ్మా. ఎండాకాలమే కదా, నీళ్ళు తగ్గి ఉంటాయి. ఆ రోలు చూపిస్తే ఆడ మనుషులు ఉండినారని వాడికి తెలుస్తాది. నీకూ చూసుకున్నట్టుంటాది" అన్నాడు. లోపల నాకూ పోవాలనే ఉండింది. పైకి మాత్రం, "నాకు రోలు చూపించేదానికి పోతావా, నువ్వు చేప తినేదానికి పోతావా?" అన్నాను. "రెండూ" అన్నాడు. అబద్ధమాడడు మస్తాను, ఆ గుణం ఉండాది.

పొద్దున్నే బయల్దేరినాము. షహీనా పులిహోర కట్టింది, గుడ్లు ఉడకేసింది. బాషా గాడు స్కూలు వాటర్ బాటిలు పట్టుకోని నా పక్కనే కూకున్నాడు. ఉదయగిరి దాటినామో లేదో, బాటిలు ఎత్తి నా నెత్తిన పోసినాడు. ఏందిరా అంటే, "నువ్వు ఎండిపోతావు" అన్నాడు. ఎండకి చల్లగానే ఉండింది, తిట్టలేదు. రెండోసారి తిట్టినాను. మూడోసారి షహీనా బాటిలు లాక్కునింది, వాడు ఏడుపు ఎత్తుకున్నాడు. ఆ ఏడుపుకి మస్తాను వ్యాను తోలలేడు. ఇంకేం చేస్తాం, బోరింగు కాడ ఆపి నీళ్ళు పట్టిచ్చి, నేనే తల వంచి పోయించుకున్నాను. ఆ రోజుల్లో ఇదే రోడ్డు మే స్వాతీ, మట్టి రోడ్డు, ఆత్మకూరుకి బస్సు టికెట్టు రూపాయో రూపాయిన్నరో. కోళ్ళు, మేకలు, మూటలు అన్నీ మన మీదే. అయినా పొడిగా చేరేవాళ్ళం.

ఆత్మకూరు బస్టాండు కాడ టీకి దిగినాము. నా కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారతా ఉండాయి. టీ అంగడాయన చూసి, "ఏంది పెద్దమ్మా, మీ పక్క వానా?" అన్నాడు. రేష్మ ఊరుకుంటాదా? "మా అవ్వ నీళ్ళలో పుట్టింది. వాళ్ళ ఊరు సోమశిల నీళ్ళలో ఉండాది" అనింది. సిగ్గుతో చచ్చినంత పనయింది నాకు. ఆయన టీ వడపోసేది ఆపినాడు. ఏ ఊరు అన్నాడు. చెప్పినాను. "మాదీ ముంపు ఊరే పెద్దమ్మా, మీకు ఎగువన. నేను మా అమ్మ చంకలో ఉన్నప్పుడు ఖాళీ చేసినారంట" అన్నాడు.

బాషా గాడు నోరు తెరిచినాడు. ఇంకో చేప! బాటిల్లో మిగిలిన నీళ్ళు తీసకపోయి ఆయన కాళ్ళ మీద జాగ్రత్తగా పోసినాడు. ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు చూడు. సంగతంతా విని నవ్వనైనా నవ్వలేదు. బన్నులు కాగితంలో చుట్టి వాడి చేతిలో పెట్టి, "మావాళ్ళు కూడా ఆడే ఉండారబ్బయా, వాళ్ళకీ పెట్టు" అన్నాడు. మస్తాను తల పట్టుకున్నాడు. "ఉన్నది చాలక నువ్వొకడివా అన్నా!" అన్నాడు.

అనంతసాగరం దాటి, సోమశిల చేరి, మా ఊరి తట్టు ఒడ్డుకి దిగి చూస్తే ఏముండాది? నీళ్ళు. పైనుంచి వదిలినారంట, నిండుగా ఉండాది. రోలు లేదు, మిట్ట లేదు, ఇదీ మా ఊరు అని వేలెత్తి చూపించేదానికి ఒక గురుతు లేదు. నాకు కోపం వచ్చింది. ఆ నీళ్ళ మీద, మస్తాను మీద, రోలు పీకలేకపోయిన మా నాయన మీద కూడా. తర్వాత ఏడుపు వచ్చింది. దావంతా తడుస్తా వచ్చి ఉత్త చేతులతో పోవాల్నా అనిపించింది. షహీనా నా భుజం పట్టుకోని ఊరికే నిలబడింది.

"మీ అమ్మ లోపల ఉండాదా అవ్వా?" అన్నాడు బాషా. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటా ఉండాను. వాడే ఒడ్డున నిలబడినాడు. వెనక నుంచి రేష్మ వాడి చొక్కా పట్టుకోనుంటే, "పెంచలమ్మవ్వ వచ్చిండాది! రండి!" అని కేకేసి, బన్ను తుంచి విసిరినాడు. ఒక చేప వచ్చింది. ఇంకోటి వచ్చింది. చూస్తా ఉండంగానే నీళ్ళు కుతకుతా ఉడికినట్టు, ఒకదాని మీద ఒకటి పడి తింటా ఉండాయి. "మీవాళ్ళకి బాగా ఆకలిగా ఉండాది అవ్వా" అన్నాడు.

ఏడుస్తా ఉండేదాన్ని నవ్వేసినాను స్వాతీ. చీర ఎగ్గట్టి మోకాళ్ళ దాకా దిగి, ఆ నీళ్ళలో చెయ్యి పెట్టినాను. చేపలు వచ్చి వేళ్ళు గీకినాయి. రోలు యాడో అడుగునే కదా ఉండేది. ఆ నీళ్ళే కదా దాంట్లోనూ ఉండేది. నాకు అంతే దక్కింది, కాదనను.

పైన ఒడ్డు మీద బంకులో చేపలు వేయిస్తా ఉండారు. ఆ వాసనకి మస్తాను అల్లాడిపోయినాడు. "ఇప్పుడన్నా చెప్పు పెద్దమ్మా వాడికి" అన్నాడు. బాషా నా కొంగు పట్టుకోని నా మొహమే చూస్తా ఉండాడు. మస్తానును చూస్తే పాపం అనిపించింది. అయినా బాషా గాడి తట్టే తిరిగి, "మావాళ్ళే నాయనా, అందరూ బాగుండారు" అన్నాను.

మస్తాను ఆ రోజు ఉడకేసిన గుడ్డు తిన్నాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, "వచ్చే ఎండాకాలం మళ్ళీ పోదాం పెద్దమ్మా, నువ్వు రోలు చూస్తేగానీ నాకు చేప లేదు" అన్నాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో వంకాయే.

నీకేం చెప్పేది తల్లీ, నువ్వు పుట్టిన ఊరికి ఎప్పుడు పోవాలన్నా నీ కాళ్ళతో నువ్వు నడిచి పోవాల. అంతకంటే ఏం దీవించేది... ఓ మే, ఆ ఫోను లోపల పెట్టు, బిర్రీన పెట్టు. బాషా గాడు చెంబుతో వస్తా ఉండాడు. నువ్వు మా తమ్ముడి మనవరాలివని ఎవురో చెప్పినట్టుండారు వాడికి.