పట్టు నేర్పినోడు

రామనర్సయ్యా? ఏ రామనర్సయ్య? మా ఊళ్ల ముగ్గురుండిరి. ఆ, దసలికాయల రామనర్సయ్య. నువ్వాయన మనవరాలివా, సమ్మక్క బిడ్డవా? ముక్కు చూస్తె తెలుస్తనే ఉంది గని, ఈ రోజుల్ల ముక్కు చూసి ఎవన్నన్న నమ్ముతమా. ఆ ఫోను ఎందుకట్ల బోర్లేసినవు? రికార్డు చేస్తున్నవా? చేస్తె చెప్పి చెయ్యి. సరే, కూసో. ఆ బస్తా మీద కాదు, అది చింతపండు, బట్టలు ఖరాబైతయి. ఏమంటున్నవు, తాత మీద ఆ మాట పోలీసోళ్లకు ఎవలు చేరేసిండ్రనా? చచ్చేదాక అదే అడిగిండా? పాతికేండ్లయింది బిడ్డా. నిన్న నేనేమన్ననో నాకే యాదికి లేదు. నువ్వొచ్చి పాతికేండ్ల కిందటి మాట అడుగుతున్నవు, చదువుకున్నోళ్లందరు ఇట్లనే ఉంటరా?

దసలికాయలంటె తెలుసా నీకు? అడవిల మద్దిచెట్ల మీద పట్టుపురుగు గూడు కడతది చూడు, అవి. మీ తాత అవి కొని లారీలేసుకొని కలకత్తా దాక పోయెటోడు. ఒక తడవ పోయినోడు నాలుగేండ్లు రాలె. వచ్చినంక ఏం చెప్పిండంటె, ఆడ ఒక చీనా దేశపాయన చెప్పుల దుకాణంల పనిచేసిన, ఆ ముసలాయన కాడ ఒక విద్య నేర్చుకున్న అని. చెప్పుల దుకాణంల విద్యేందయ్యా అంటె నవ్వెటోడు. నాకప్పుడే అనుమానం కొట్టింది. బేరం కాడ నవ్వెటోని తరాజు కింద చెయ్యి పెట్టి చూడాలె అని మా నాయిన అనెటోడు. మా నాయిన అసలు ఎవన్నీ నమ్మలె, సొంత తమ్మున్ని గూడ, ఆ కథ వేరే. ఏం చెప్తున్న? ఆ. సంత లేని రోజు పొద్దుగాల్నె, ఖాళీ సంత మైదానంల మీ తాత ఒక్కడే నిలబడి చేతులు తిప్పెటోడు. మెల్లగ. ఎంత మెల్లగ అంటె, చూసెటోనికి ఆవులింతలొస్తయి. ఒక కాలు మీదికి బరువంత దించుతడు, నడుము తిరుగుతది, దానెంక భుజం, దానెంక మోచెయ్యి, అన్నిటికన్న ఎనక అరచెయ్యి. తాడు పేనినట్టు. ఒకడు చేతబడి అన్నడు. ఇంకొకడు చీనోళ్లకు సైగలు చేస్తుండన్నడు. ఓరి పిచ్చోడా, ఇక్కడ చెయ్యి తిప్పితె చీనాల కనిపిస్తదా అని నేనే తిట్టిన. తిట్టిన గని రోజూ తలుపు సందుల నుంచి నేను గూడ చూసిన. ఎందుకంటె ఏమని చెప్పాలె. ఊరికే అట్ల చేతులు తిప్పెటోడు ఎవడన్న ఉంటడా?

కోసి అని అడవి దిక్కు దోర్ల తెగ ఆమె ఒకతుండె, గోడ నీడకు కూసోని తొడ మీద దసలి దారం తీసెటిది. ఉడకబెట్టిన కాయల కెల్లి పోగు లాగుతది, అరచేత్తోని తొడ మీద ఒత్తి తిప్పుతది. మీ తాత తనకాడికి నేర్వనీకి వచ్చినోళ్లను మొదలు ఆమె ముందల కూసోబెట్టెటోడు. ఆ చీనాయన చెప్పిందట, ఈ బలం పేరే పట్టుదారం తీసే బలమని. ఇది విననీకి కలకత్తా దాక పోయిన్నా, మా కోసి రోజూ చేసేదిదే గదా అని నవ్వుకున్నడట మీ తాత. గుంజితె తెగుతది, వదిలితె చిక్కు పడతది, ఒక్కతీరుగ తియ్యాలె, తిప్పుకుంట తియ్యాలె. ఇదే చెప్పుడు. నేర్వనీకి వచ్చింది ఎవలనుకున్నవు, పెద్ద పెద్ద పైల్వాన్లా? మా దుకాణంల హమాలీలు. హిడ్మా అని ఒకడు, నడుము పట్టేసి వంగలేకుంటుండె. మీ తాత కాడ రెండు నెలలు తిరిగిండు. బస్తాను వీపుతోని లేపకు, మడమతోని తొక్కు, నడుముతోని తిప్పు, చెయ్యి దాన్ని పట్టుకుంటది అంతే అని నేర్పిండట. వాడు ఉప్పు బస్తా ఎత్తి లారీల పెడుతుంటె నేను చూసిన. చప్పుడు లేదు, మూలుగు లేదు. బస్తా దానంతటదే తిరిగి ఎక్కినట్టు. నాకేమనిపించిందో చెప్పనా? నడుం నొప్పి పోయినందుకు సంతోషం అనిపించలె. వీడు ఇంకేం నేర్చిండు అనిపించింది.

నన్ను పడేసిండని ఎవలో చెప్పిండ్రా నీకు? ఎవలు? సరే తియ్యి, అందరు చూసిందే. సంత రోజు, మంది మధ్యల, నేనే పోయి అన్న, నీ విద్య నా మీద చూపించు రామనర్సయ్యా అని. నేనప్పుడు బలంగుంటి, ఇప్పుడిట్లయిన గని. రెండు చేతులు ఆయన ఛాతి మీద పెట్టి దొబ్బిన. గోడను దొబ్బినట్టు ఉంటదనుకున్న. కాదు. ఏం లేదాడ. నా బలమంత ఎటో పోయింది, మెట్టు లేని కాడ కాలేసినట్టు. ఆయన నడుము ఇంత తిరిగింది, ఇగో, ఇంతనే. నేను పోయి కోళ్ల గంప మీద పడ్డ. సంత సంతంత నవ్వింది. కోసి గూడ నోటికి కొంగడ్డం పెట్టుకున్నది. మీ తాత ఉరికొచ్చి లేపి నా అంగీకంటిన ఈకలు దులిపిండు. "దెబ్బ తాకిందా సేటూ? నేను దొబ్బలె, నీ బలమే నీకు తిరిగొచ్చింది" అన్నడు. ఆయన తిట్టినా బాగుండు బిడ్డా. ఈకలు దులుపుడేంది?

కోపం పెట్టుకున్ననా? ఎందుకు పెట్టుకుంట? అప్పటికే మర్చిపోయిన. ఆ తర్వాత పది రోజులకో పన్నెండు రోజులకో జీపుల ఒక పోలీసు సాహెబు వచ్చిండు. పేరు చెప్ప, నువ్వు రాసుకుంటవు. ఆ రోజులు నీకు తెల్వయి, అడవిల అన్నలకు, పోలీసులకు నడుమ ఊరు నలుగుతుండె, ట్రేనింగు అనే మాట వింటెనే మంది తలుపులేసుకునెటోళ్లు. మైదానంల పొద్దుగాల్నె ట్రేనింగు అయితుందట, ఎవడు ఇస్తుండు, ఏం నేర్పుతుండు అని హిందీల అడిగిండు. హిడ్మా లారీ కాడ దొరికిండు. వాడు వాళ్ల దోర్లి మాట, తెలుగు తప్ప ఎరగడు. భయపడి, తెలుగుల, రామనర్సయ్య తాత మాకు పట్టు నేర్పుతుండు అన్నడు. సాహెబు నా దిక్కు చూసిండు, క్యా బోల్తా హై అని. నేను చెప్పిన. పకడ్ సిఖాతా హై సాబ్ అని. పట్టంటె పట్టే గదా. కుస్తీల పట్టు పడతరు చూడు, మనిషిని కదలకుంట పట్టేది. వాడన్న మాటనే నేను హిందీల చెప్పిన, ఒక్క ముక్క కలపలె, ఒక్క ముక్క తీయలె. అదే రోజు మీ తాతను తీస్కపోయిండ్రు. నాలుగో రోజు వదిలిండ్రు. మీ అమ్మను, మీ అమ్మమ్మను ఎంటబెట్టుకొని భద్రాచలం దిక్కు పోయిండు, మళ్ల ఈ ఊరు తొక్కలె. మైదానంల అట్ల నిలబడెటోడు మళ్ల లేడు. హిడ్మా నడుము మళ్ల పట్టేసింది.

అంతే బిడ్డా, నాకు తెలిసింది అంతే. చాయ్ తాగుతవా? ఏంది, హిందీల పట్టును ఏమంటరనా? పట్టు చీర పట్టా? రేషం అంటరు. మన దిక్కు దసలిని కోసా అంటరు, ఈ బజార్ల చిన్న పోరగాన్నడిగినా చెప్తడు, నేను ముప్పై ఏండ్లు అమ్మిందదే గదా, సాహెబుల ఇండ్లకు గూడ నేనే…

ఆ.

అట్ల చూడకు. హిడ్మాకు హిందీ రాదు. సాహెబుకు తెలుగు రాదు. నడుమ నేనొక్కన్నే ఉన్న.

దంతెవాడ కెల్లి భద్రాచలం పోయే బస్సు ఈడ ఆగదు, చౌరస్తా కాడికి పోవాలె. లే, మళ్ల దొరకదు.