కిందికి దిగిన కెమెరా

ప్రెస్ మీట్ నాలుగింటికి. అంతకు ముందు, కంపెనీ పాత రికార్డింగ్ గదిలో, చప్పుడు బయటికి పోని గోడల మధ్య ఇద్దరు కూర్చున్నారు. ఆమె కంపెనీ ప్రకటనలు రాస్తుంది, అతను వాటిని విలేకరుల ముందు చదువుతాడు. అక్కా తమ్ముడూ అని పిలుచుకుంటారు. రక్తసంబంధమేమీ లేదు, ఒకరు రాసింది ఇంకొకరు చదివి చదివి కుదిరిపోయిన వరస అది.

“నేనడిగింది అది కాదు.”

“మీరడిగింది అర్థమైందక్కా. నా మనసు ఎలా ఉందని. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది.”

“ఎవరి అదుపులో?”

“సంబంధిత విభాగాల అదుపులో.”

“ఇక్కడ విలేకరులెవరూ లేరు తమ్ముడూ. నేనొక్కదాన్నే ఉన్నా.”

“అందుకే కదా ఇంత మనసు విప్పి మాట్లాడుతున్నాను.”

“నిద్ర పడుతోందా?”

“ఆ విషయంలో దశలవారీగా చర్యలు తీసుకుంటున్నాం.”

“అంటే పట్టట్లేదు.”

“అలా అని నేననలేదు. అనని మాట నా నోట పెట్టకండి.”

“నీ నోట మాట పెట్టడమే కదా నా ఉద్యోగం. మీ ఆవిడ ఫోన్ చేసింది.”

“మీకా?”

“నాకే. తువ్వాలు ఎక్కడ పెట్టావని అడిగితే ‘మంచి ప్రశ్న అడిగారు’ అన్నావట.”

“అన్నాను. మర్యాదగానే అన్నాను.”

“తువ్వాలు దొరికిందా?”

“విచారణ కొనసాగుతోంది.”

“నవ్వించి తప్పించుకుందామనుకోకు. ఈ తోడు పనికి నాకు శిక్షణ ఇచ్చారు.”

“నాకూ ఇచ్చారు. ఒకే పూట, ఒకే హాల్లో, పక్కపక్క కుర్చీల్లో. మీరు నిద్రపోయారు.”

“చివర్లో మాత్రమే. తోటి ఉద్యోగి మనసు బాగోకపోతే పక్కన కూర్చోవాలి, వినాలి, సలహా ఇవ్వకూడదు, తీర్పు చెప్పకూడదు, విన్నది బయటపెట్టకూడదు. అక్కడిదాకా మెలకువగానే ఉన్నాను.”

“బయటపెట్టకూడదా? మరి ఇందాక పెద్దసారు మిమ్మల్ని లోపలికి పిలిచారే.”

“పిలిచారు.”

“ఎందుకు?”

“సరే, దాచను. నాలుగింటికి నిన్ను మళ్ళీ మైకు ముందుకు పంపొచ్చా, వద్దా అన్నారు. ఒక్క మాట చెప్తే చాలట, కారణాలు అక్కర్లేదట.”

“వద్దంటే?”

“లోపలి పత్రికకి మారుస్తారు. ఉద్యోగుల పుట్టినరోజులు రాసుకుంటావు.”

“పుట్టినరోజులు మంచివేనక్కా. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.”

“ఊరుకో. నీకీ పనంటే ప్రాణం. అది పోతే నువ్వేమైపోతావోనని నాకు భయంగా ఉంది. ఉన్నమాట చెప్తున్నా. అందుకే అడుగుతున్నా, మొన్న ఏమైంది?”

“మైకు పాడైంది.”

“మైకు బాగానే ఉంది. గోదాములో మంటలు లేచాయన్నావు. చనిపోయిన ఇద్దరి పేర్లూ చదివావు. ఇంకో వాక్యం కూడా చదివావు. అక్కడ ఆగి నోరు తెరుచుకుని నిలబడిపోయావు. ఊరంతా చూసింది.”

“ఊరంతా చూసింది బల్ల కాలుని. ఆ వీడియోలో అప్పుడు నేను కనపడను.”

“అదే అడుగుతున్నా. కెమెరా కిందికి ఎందుకు దిగింది?”

“సాంకేతిక కారణాలు.”

“తమ్ముడూ.”

“మీరే కదా అలా రాశారు.”

“నువ్వు చెప్పావని రాశాను. మింగలేక కక్కలేక ఇలా ఎన్నాళ్ళు తిరుగుతావు? నాకేం, నేను రాసి మర్చిపోతా. చదివేవాడివి నువ్వు. వాళ్ళ మొహాలు చూసేదీ నువ్వే.”

“మీరు మర్చిపోతారా?”

“పక్క మీద వాలితే చాలు, తెల్లారిందాకా మెలకువ రాదు. సంగతి నాది కాదు, నీది. చెప్పు.”

“ముందు వరసలో ఒక కెమెరామన్ ఉంటాడు చూడండి, పొడుగ్గా.”

“ఎప్పుడూ నిన్ను ఎడమకి జరగమంటాడే, ఆయనేనా?”

“ఆయనే. రెండో పేరు వాళ్ళ తమ్ముడిది.”

“ఏమిటీ?”

“వాళ్ళ తమ్ముడు మన గోదాములో పనిచేస్తాడని నాకు తెలీదక్కా. ఇంటిపేరు చదివినా తట్టలేదు. నేను చదువుతూనే ఉన్నాను, కెమెరా మెల్లగా కిందికి దిగింది. అప్పుడైనా ఆగొచ్చు కదా. ఆగలేదు. అలవాటు కదా, తర్వాతి వాక్యం కూడా చదివేశాను. అప్పుడన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ‘మాకు చెప్పలేదు సార్’ అన్నాడు.”

“మాకెవరికీ వినపడలేదు.”

“నాకు వినపడింది.”

“మరి ఈ మాట పెద్దసారుకి చెప్పకుండా నెపం మైకు మీదికి నెట్టావా?”

“మైకు ఏమీ అనుకోదు కదా.”

“అందులో నీ తప్పేముంది? ఇచ్చింది చదివావు. ఇలాంటివి పట్టించుకోకుండా... ఆగాగు, సలహా ఇవ్వకూడదు. ఇప్పుడెలా ఉంది నీకు?”

“నిన్న వాళ్ళింటికి వెళ్ళాను.”

“ఎవరితో చెప్పి వెళ్ళావు?”

“ఎవరితోనూ చెప్పలేదు. వాళ్ళమ్మ తలుపు తీసింది. నన్నెప్పుడూ ఎదురుగా చూడలేదు, నా గొంతు విని గుర్తుపట్టింది. ‘టీవీలో చెప్పింది నువ్వేనా బాబూ’ అంది. నేనే అన్నాను. కూర్చోమంది.”

“ఏం మాట్లాడావు?”

“ఏం మాట్లాడతాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. ఏడ్చాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. చివరికి ఆవిడే మంచినీళ్ళు తెచ్చిచ్చింది.”

“అయ్యో నాన్నా.”

“రాత్రి నిద్ర పట్టింది. ఇప్పుడు బాగానే ఉంది. ఇది ప్రకటన కాదు, నిజంగానే బాగుంది.”

“ఆ ముక్క మొదటే చెబితే సరిపోయేది కదా. మనసు తేలికపడింది. పంపొచ్చని పెద్దసారుకి చెప్పేస్తా.”

“చెప్పండి. నేను వెళ్తాను. కానీ వాళ్ళు అడిగే ప్రశ్న మీకు ముందే తెలియాలి.”

“ఏం ప్రశ్న?”

“కెమెరామన్ పొద్దున తన తోటివాళ్ళందరికీ చెప్పాడు. పేర్ల తర్వాత నేను చదివిన వాక్యం గురించే అడుగుతారు. ఇంకేదీ అడగరు.”

“ఏ వాక్యం?”

“‘బాధిత కుటుంబాలకు ఇప్పటికే సమాచారం అందించాం.’”

“అవును. అది ఉంది.”

“ఆ వాక్యం దగ్గర ఎందుకు ఆగిపోయావని పెద్దసారు రెండుసార్లు పిలిచి అడిగారు. మైకు పాడైందన్నాను.”

“నువ్వు... నా పేరు రాకుండా...”

“మీతో ఎలా చెప్పాలో తెలీలేదక్కా. పైగా మీరే నన్ను ఓదార్చడానికి వచ్చి కూర్చున్నారు.”

“ఆ ఇంకొకతని ఇంటివాళ్ళకైనా చెప్పారా?”

“వాళ్ళూ టీవీలోనే విన్నారు.”

“తమ్ముడూ, కాసిని నీళ్ళివ్వు.”

“ఇదిగోండి. నెమ్మదిగా తాగండి. ఏమీ తొందర లేదు.”

“నాలుగింటికి నువ్వెళ్ళకు. నేనే వెళ్తాను.”

“మీరెప్పుడూ అక్కడ నిలబడలేదక్కా.”

“నిలబడలేదు. ముందు నువ్వు అడుగు. వాళ్ళు అడిగినట్టే అడుగు, నా మొహం చూసి.”

“కుటుంబాలకు సమాచారం అందించామని మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ ఉండే వాక్యమే కదా అని ఉంచేశాను.”