మూడో వైరు

లిఫ్టు మెకానిక్కు ఆ రోజు పొద్దుండగానే ఇల్లు చేరాడు. కాలి జోళ్ళు విప్పకుండానే పనిసంచి నేలమీద బోర్లించాడు. కర్టెన్లు కుడుతున్న భార్య మిషను ఆపింది.

"మళ్ళీ చెప్పండి."

"మానేస్తానన్నాను."

"ఏమిటి, సిగరెట్లా?"

"ఉద్యోగం."

"మిషను చప్పుడులో నాకే తప్పుగా వినిపించిందనుకున్నాను."

"సరిగ్గానే వినిపించింది. ఇంక ఆ పరుగు నావల్ల కాదు. సొంతంగా చేసుకుంటాను. రోజుకి రెండు లిఫ్టులు, మహా అయితే మూడు. పొద్దున్న కూర్చుని తింటాను. సాయంత్రం ఇద్దరం అలా నడిచొద్దాం. నువ్వు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నదే కదా?"

"అడిగాను. అడిగినప్పుడల్లా మీరేమన్నారు? 'నెమ్మదిగా బతకడానికి మనమేమన్నా రాజుగారి బావమరుదులమా' అన్నారు."

"అన్నాను. ఇప్పుడు బుద్ధొచ్చింది."

"ఊరికే రాదే మీకు. ఎవరు తెప్పించారు?"

"నీకు మంచి మాట చెప్పినా అనుమానమే."

"మంచి మాట చెప్పే మనిషికి ముచ్చెమటలు పొయ్యవు. సంచిలో ఏం వెతుకుతున్నారు?"

"ఏం లేదు. సర్దుతున్నాను."

"బోర్లించి సర్దుతారా ఎవరైనా? ఇందాకటి నుంచీ ఆ స్పానర్లనే అటు తీసి ఇటు, ఇటు తీసి అటు."

"నీ కర్టెన్లు నువ్వు కుట్టుకో."

"కుడతాను. కుట్టక చస్తానా? మీ పరుగు ఆగితే నా కాలు పరుగెత్తాలి. అదీ సరే, పరుగెత్తుతాను. ఉన్నదాంట్లో సర్దుకుందాం. కానీ ఒక్క మాట. ఇష్టపడి మానేస్తున్నారా, భయపడి మానేస్తున్నారా?"

"ఎలా మానేస్తే ఏమిటి? రెండూ ఒకటే."

"ఒకటెలా అవుతుంది? ఇష్టపడి మానేసినవాడు ఇంట్లో ఉంటాడు. భయపడి మానేసినవాడు మంచం కింద ఉంటాడు. చెప్పండి."

"వైరొకటి కనబడ్డంలేదు."

"ఓస్, వైరా! ఎంతుంటుందేమిటి, కొనుక్కుంటే పోలా?"

"కొనడం కాదే గొడవ. అది ఇప్పుడు ఎక్కడుందన్నదే గొడవ."

"నాకు అర్థమయ్యేలా చెప్పండి."

"తలుపు మూసుకుంటే గాని లిఫ్టు కదలదు. తెలుసుగా?"

"తెలుసు."

"తలుపుకి ఒక తాళం ఉంటుంది. అది పడిందని కబురొస్తేనే మోటారు తిరుగుతుంది. రిపేరప్పుడు ఒక్కోసారి తలుపు తీసిపెట్టి నడిపి చూడాల్సొస్తుంది. అప్పుడు పైన మిషను గదిలో ఒక వైరు అడ్డం తగిలించి లిఫ్టుని మోసం చేస్తాం. తలుపు బార్లా తెరిచున్నా మూసే ఉందనుకుంటుంది పిచ్చిది."

"పనయ్యాక తీసేస్తారు."

"తీసెయ్యాలి."

"తీశారా?"

"అలాంటివి నాకు మూడున్నాయి. బండిపెట్టెలో చూస్తే రెండే ఉన్నాయి."

"తీశారా అని అడుగుతున్నాను."

"గుర్తు లేదు."

"గుర్తు లేదంటే?"

"గుర్తు లేదంటే గుర్తు లేదే! ఎనిమిది బిల్డింగులు చూశాను పొద్దున్నుంచీ. ఎనిమిదీ ఒకటే గది, ఒకటే బూజు, ఒకటే గ్రీజు కంపు. ఆఖరి చోట ఒకావిడ ఎదురొచ్చి, 'ఏమయ్యా, మా లిఫ్టు బాగైనట్టేనా' అంది. నేనే బిల్డింగులో నిలబడ్డానో నాకు తెలియలేదు. ఒక్క క్షణం. కళ్ళు తెరిచే ఉన్నాయి, లోపల మనిషి లేడు. బండి దగ్గరికొచ్చి పెట్టె తీసి చూసుకున్నాను."

"ఎప్పుడిది?"

"మధ్యాహ్నం."

"మధ్యాహ్నమా! మరి ఇంతసేపూ ఏం చేశారు?"

"రోడ్డు పక్కన బండాపుకుని కూర్చున్నాను."

"కూర్చున్నారా? ఆ వైరున్న చోట ఎవరిదైనా ఒక కాలు లోపలుండి, ఒక కాలు బయటుండగా లిఫ్టు కదిలితే..."

"అనకు."

"అననులెండి. నేననకపోతే అది కదలకుండా ఆగుతుందా? ఫోను తియ్యండి. అన్ని బిల్డింగుల వాచ్‌మన్లకీ చెప్పండి, లిఫ్టులు ఆపమని."

"అన్నిటికీనా? క్షణంలో ఆఫీసుకి తెలిసిపోతుంది."

"తెలిస్తే? మానేస్తున్నారుగా!"

"మానేయడం వేరు, మెడపట్టి గెంటించుకోవడం వేరు. లైసెన్సు లాక్కున్నారంటే సొంతంగా మూడు లిఫ్టులు కాదు గదా, లిఫ్టు మీట తుడవడానికి కూడా నన్నెవడూ రానివ్వడు. పొద్దున్నే నేనే వెళ్ళి, ఒక్కొక్కటీ నెమ్మదిగా..."

"నెమ్మదిగానా? జనం పనుల్నుంచి ఇళ్ళకొచ్చే వేళ ఇది. పిల్లలు ఆటలాడి పైకెళ్ళే వేళ. బాగుందండీ, మీ నెమ్మదికి వాళ్ళ కాళ్ళు పణంగా పెడతారా?"

"అసలీ అదనపు బిల్డింగులు ఎవరికోసం నెత్తినేసుకున్నాను? ఇంకో గది కావాలన్నదెవరు?"

"నేనే. గది అడిగాను. మనిషినిచ్చి గది తెమ్మన్నానా? ఈ గదిలో మీరు కూర్చోగా నేను చూసింది ఇవాళే. అదీ ఇలాగ. మీరు చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

"చేస్తాను. ఉండు. ... హలో. నేను... అదే, నేనయ్యా... లిఫ్టు..."

"ఇలాగైతే తెల్లారుతుంది, ఇటివ్వండి. స్పీకరు పెట్టండి. హలో, వాచ్‌మన్ గారేనా? లిఫ్టు ఆఫీసు నుంచి మేడమ్‌ని మాట్లాడుతున్నాను."

"చెప్పండి మేడం."

"లోపల ఎవరూ లేరని చూసుకుని మీ లిఫ్టు వెంటనే ఆపెయ్యండి. మెయిన్ స్విచ్చి దించేసి, కింద కుర్చీ అడ్డం పెట్టండి."

"ఇప్పుడా మేడం? ఆరో అంతస్తు సారుకి మోకాళ్ళ నొప్పులు. నన్ను నమిలేస్తాడు."

"సారు నమిలితే ఉమ్మేస్తాడు బాబూ. లిఫ్టు నమిలితే ఉమ్మదు."

"అమ్మబాబోయ్! ఆపేస్తున్నా మేడం, ఆపేస్తున్నా."

"ఎంత గడుసుగా అబద్ధమాడావే!"

"బేరమాడేవాళ్ళతో రోజూ ఆడేదేగా. తర్వాతెవరు? నంబరు చెప్పండి. నిలబడకండి, ఆ స్టూలు మీద కూర్చుని చెప్పండి."

"ఇది. తర్వాత ఇది. వీడికి చెవుడు, గట్టిగా చెప్పాలి."

"హలో! లిఫ్టు! ఆపండి! లిఫ్టండీ బాబూ, గిఫ్టు కాదు!"

"తర్వాత ఇది. ఇది. ఇదీ అయితే ఏడు."

"అమ్మయ్య. ఏడు ఆగాయి. ఇంక ఆ ఒక్కటేగా?"

"అది పది అంతస్తులది. పిల్లలెక్కువ అక్కడే."

"ఎత్తడంలేదు."

"మళ్ళీ కొట్టు."

"ఎత్తడంలేదండీ."

"ఇలా తే. ఎత్తరా నాయనా, ఎత్తరా... నేను బయల్దేరతాను. వెళ్ళేసరికి... హలో? హలో! ఏమయ్యా, ఎక్కడికి పోయావు?"

"నీళ్ళ ట్యాంకు దగ్గరున్నా సారూ, పైన. ఏమైంది, రొప్పుతున్నారు?"

"పైనే ఉన్నావా? బతికించావు. లిఫ్టులో ఎవరన్నా ఉన్నారా?"

"లేరు, ఇప్పుడే ఈ పై అంతస్తులోనే దిగి పోయారు."

"మిషను గదిలోకెళ్ళి మెయిన్ స్విచ్చి దించెయ్. ముందు అది చెయ్."

"దించేశా సారూ. ఇంక చూడండి, కిందనుంచి అరుపులు."

"అరవనీ. ఇప్పుడా గోడమీది పెట్టె తలుపు తీసి చూడు. చెయ్యి పెట్టకు, చూపు చాలు. ఎర్ర వైరొకటి ఉందా? మూరెడుంటుంది. రెండు కొసలా మొసలి పళ్ళలాంటి క్లిప్పులు..."

"ఏవండీ."

"ఉండవే."

"ఏవండీ, ఏమన్నారు? మొసలి పళ్ళా?"

"సారూ, ఇక్కడలాంటిదేం లేదు."

"సరిగ్గా చూడవయ్యా!"

"ఏవండీ... ఇదా?"

"సారూ? లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను. నువ్వు... నువ్వు పెట్టెయ్. నేను మళ్ళీ చేస్తాను. ఏమిటే ఇది? ఎక్కడిదే ఇది?"

"గుడ్డ జారిపోకుండా బల్లకి పట్టించానండీ. బాగా కరిచి పట్టుకుంటుందని. ఈ కుప్ప కిందే ఉంది. మీరు వైరు, వైరు అంటుంటే కరెంటు వైరనుకున్నాను గానీ... తిట్టండి. పళ్ళు రాలగొట్టండి. ఎదురుగా పెట్టుకుని ఇన్ని బిల్డింగుల్ని హడలగొట్టాను."

"ఏడవకే. నేనేడుస్తున్నానా? ఏడుస్తున్నానేమో. నవ్వు కూడా వస్తోందే, చూడు."

"అయితే ఎక్కడా వదల్లేదు."

"వదల్లేదు."

"ఎవరికీ ఏమీ కాదు."

"కాదు. అబ్బ, చేతుల్లోకి ఇప్పుడొచ్చింది ప్రాణం. ఒసే, నా పెట్టె ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? రాత్రి తీశావా?"

"రాత్రెక్కడ? ఈ కర్టెన్ల పని ఒప్పుకున్న రోజునే తీశాను. మీరు ఒళ్ళు తెలియకుండా పడుకునుంటే లేపలేక, నేనే బండిపెట్టె వెతుక్కున్నాను. చెబుదామనుకుని మరిచిపోయాను."

"ఒప్పుకున్న రోజునా?"

"ఆఁ. పది రోజులవుతుంది. మంచినీళ్ళు తెస్తానుండండి. పాపం వాళ్ళు మెట్లెక్కలేక చస్తుంటారు, ఫోన్లు చేసి లిఫ్టులు వేసుకోమని చెప్పేస్తాను."

"వద్దు."

"అదేమిటి?"

"వద్దే. ఒక్కటి కూడా వద్దు. ఆ పది రోజుల్లో వెళ్ళినవాటికి కూడా చెయ్యాలి. ఆపమని."

"వైరు దొరికింది కదండీ! మళ్ళీ ముచ్చెమటలేమిటి? నా వైపు చూడండి. ఏమైంది?"

"ఒక్కో లిఫ్టు పని కాగానే ఫోనులో టిక్కులు పెడతాం. తాళ్ళు చూశాను, టిక్కు. బ్రేకు చూశాను, టిక్కు. వైర్లు లెక్కపెట్టుకున్నాను, మూడూ ఉన్నాయి, టిక్కు. కంటితో చూడకుండా ఏ టిక్కూ పెట్టకూడదు."

"మీరు పెట్టరుగా."

"పెట్టననే అనుకున్నానే. పది రోజులుగా ప్రతి లిఫ్టు దగ్గరా మూడు వైర్లూ చూశాను, టిక్కు."