పదడుగుల గదిలో చెరుకు లారీ

చోడవరంలో రాజ్యం టీ కొట్టు పక్క గది ఖాళీ అయింది. ఆవిడ అందులో దోసెల హోటల్ పెట్టబోతోంది. ఆ గదిని తీర్చిదిద్దే పని దొరికితే ప్రేమ్‌కుమార్‌కి అదే మొదటి బోణీ. ఇంటీరియర్ చదువు పూర్తి చేసి, రోడ్డుకి అవతల ఆఫీసు తెరిచి, మూడు నెలలుగా ఈగలు తోలుకుంటున్నాడు పాపం. ఆఫీసు ఎదురుగానే ఉన్నా రోజూ రాజ్యం బల్ల మీదే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాడు. జనంలో ఉంటేనే ఐడియాలొస్తాయంటాడు. ఆ పొద్దున మరీ రెచ్చిపోయాడు.

"మా కాలేజీలో ఆర్నెల్లు పెన్సిలే ముట్టనియ్యలేదు పిన్నీ! ముందు మనిషి ఎలా తిరుగుతాడో సూడు, తర్వాతే గీత గియ్యి అనేవోరు మా మేస్టారు. అలా సూసి సూసి, చదువుకునే రోజుల్లోనే చీడికాడలో ఒక రైతుకి పదడుగుల గదిలో మంచం, వంటిల్లు, దేముడి గది అన్నీ పట్టించేసేను."

"బాగుందిరా," అన్నాడు తాతబ్బాయి టీ ఊదుకుంటూ. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలే రైతాయన.

ఆ ఒక్క మాట చాలు ప్రేమ్‌కుమార్‌కి.

"ఆ తర్వాత ఏటైందో తెలుసా? మంచం గోడలోకి మడిస్తే హాలు, గోడ జరిపితే ఇంకో హాలు! ఆళ్ళ గుంటని పెళ్ళికూతుర్ని సేసి, పెళ్ళి కూడా అందులోనే సేసేరు. మూడొందల మందికి బంతి భోజనాలు, బేండు మేళం వేరే! మొగపెళ్ళివోరు అలిగితే కూకోడానికి విడిగా ఓ మూల కూడా ఉంచేను."

"అలకకి మూలేటిరా!" రాజ్యం పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి పని దొరికేసిందనుకున్నాడు.

"ఇంకా విను పిన్నీ, తాళి కడతన్నారు, వాన దంచేస్తంది. రోడ్డు మీద సెరుకు లారీ తడిసిపోతంది. లోపలికి తోలెయ్యరా అన్నాను. తోలేడు, లోపలే రివర్సు తిప్పేడు, ఒక్క విస్తరాకు కదల్లేదు! ఆ డ్రైవరు కూడా బంతిలో కూకుని..."

"ఒరే బాబూ," రాజ్యం టీ గిన్నె దించింది. "లారీ తిప్పినోడివి, నీ ఆఫీసులో బల్ల దాటలేకపోతన్నావేటి? ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్ల సేయించేవు. నిన్న ఫోను మోగితే దాని కింద నుంచి పాక్కుంటా నీ కుర్చీ కాడికి ఎళ్ళేవు. నేను సూసేను."

తాతబ్బాయికి టీ పొలమారింది. ప్రేమ్‌కుమార్‌కి తల కొట్టేసినట్టయింది. పని కాస్తా పోయింది, అనుకుంటూ మెల్లగా లాప్‌టాప్ మూశాడు.

"ఎక్కడికి? కూకో. నీ కోతల్లో మీ మేస్టారి మాటొక్కటే నాకు నచ్చింది. రేపు తెల్లారి ఐదింటికి వచ్చి, ఈ పొయ్యి కాడే నా పక్కన నిలబడి వంద దోసెలు వెయ్యి. నేనెలా తిరుగుతానో సూడు. తర్వాతే గీత గియ్యి."

ప్రేమ్‌కుమార్ ముఖం వెలిగిపోయింది. "వందేటి పిన్నీ, కాలేజీలో నేను ఒక్క పెనం మీద వెయ్యి..."

రాజ్యం గరిటె పైకెత్తింది.

"వందే వేస్తాను పిన్నీ," అన్నాడు.