బార్బెక్యూ దగ్గర విన్న మాట

ఆస్ట్రేలియాలో, టూంగాబీలోని ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం తల్లి గిన్నెలు కడుగుతోంది. పన్నెండో తరగతి చదివే కూతురు వంటింటి బల్ల మీద విక్టోరియా కాలం నాటి నవల గురించి వ్యాసం రాసుకుంటోంది. ఆ నవలలోని తల్లి అంటే ఆ పిల్లకి ఒళ్ళు మంట.

“కూతుర్ని ఎక్కడికి పంపాలో మగవాళ్ళే డిసైడ్ చేస్తారమ్మా. ఈవిడకి మాటైనా చెప్పరు.”

“మరి ఆవిడకెలా తెలుస్తుంది?”

“తలుపు వెనక నుంచి వింటుంది. సో పథెటిక్.”

“ఊఁ. వచ్చే నెల మనం అడిలైడ్ వెళ్ళిపోతున్నాం.”

కూతురి పెన్ను ఆగింది. “నా ఎగ్జామ్స్? నాన్న నీకెప్పుడు చెప్పారు?”

“నాకు చెప్పలేదు. నిన్న బార్బెక్యూ దగ్గర చికెన్ కాలుస్తూ అంకుల్ వాళ్ళతో అంటుంటే విన్నాను.”

“నువ్వేమన్నావు?”

“సలాడ్ అక్కడ పెట్టేసి లోపలికొచ్చాను.”