మార్గరెట్ ఇంటి క్యాసెట్లు

2004లో వెల్లింగ్టన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, కోడలు ఒక పెట్టె నిండా వీడియో క్యాసెట్లు తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

“పక్కింటి మార్గరెట్ ఆంటీ వాళ్ళబ్బాయి ఇచ్చాడత్తయ్యా. పోయేముందు ఆవిడ ఇవి మీకే ఇమ్మందట.”

“ఆ పాత ఇంగ్లండు కామెడీలేనా?”

“అవే. వాళ్ళింట్లో చూస్తూ అంత నవ్వేవారు కదా, ఆ ఇంగ్లీషు మీకెలా అర్థమయ్యేది?”

“ఎక్కడర్థమయ్యేది? ఎవరైనా కాలుజారి పడితే అర్థమయ్యేది. మిగతాదంతా ఆవిడ నవ్వుతుంటే చూసి నవ్వేదాన్ని.”

“ఆవిడకి తెలుసా?”

“తెలుసు. అందుకే టీవీ వైపు కాకుండా నా వైపు తిరిగి నవ్వేది.”

“ఇప్పుడొకటి పెట్టనా?”

“పెట్టు. నువ్వూ కూర్చో.”

“నాకు వంటుందత్తయ్యా.”

“తరవాత ఇద్దరం కలిసి వంట చేద్దాం. ఒక్కదాన్నే నవ్వలేనమ్మా.”