గోడ లోపలి కోతలు

ఫిన్లాండులో, కయానీ పట్టణం పక్కన సరస్సు ఒడ్డు ఇల్లు. పడగ్గది గోడ చెక్కలు ఊడదీసి ఉన్నాయి. తప్పు ఒప్పుకుని పొమ్మని రైమో, చలి ఆగేలా ఈ గోడల్లో దూది నింపిన తన బావమరిది తౌనోని పిలిపించాడు. తౌనో ఒప్పుకునే రకం కాదు. అలాగని, మేనకోడలు దగ్గుతోందని విని రాకుండా ఉండే రకమూ కాదు. అతని అక్క ఐలా గుమ్మంలో నిలబడి ఉంది.

"చూశావా నీ పనితనం? దూది పిండితే నీళ్లు కారుతున్నాయి."

"పిండకు బావా. గాజు దూది, చేతులు దురదపెడతాయి."

"వెటకారాలు చాలు. డాక్టరు పిల్లని ఈ ఇంట్లో ఉంచొద్దన్నాడు. అంతా నీ వల్లే."

"తౌనో, నాకు ఒక్కటే చెప్పు. ప్లాస్టిక్ షీటు సరిగ్గా వేశావా, లేదా?"

"గది వైపే వేశానక్కా. ఊరందరూ సాయానికొచ్చిన రోజు, అతుకుల మీద టేపు నొక్కింది నువ్వేగా. ఆ సాయంత్రం బఠాణీ సూప్ తాగి, సౌనాలో ఆవిరి స్నానానికి..."

"సూప్ సంగతి ఎవడిక్కావాలి?"

"సరే, షీటు సంగతే చెప్తా. వంట ఆవిరి, స్నానాల ఆవిరి, మన ఊపిరి, అన్నిటినీ ఆపేది అదే. దాన్ని దాటితే ఆవిరి దూదిలోకి పోతుంది. అక్కడ బయటి చెక్క చల్లదనం తగిలి ఆ ఆవిరి నీళ్లయిపోతుంది."

"నాకు పాఠాలు చెప్పకు."

"అక్కా, టార్చి ఇటు పట్టు. ఇదిగో. ఇది చిరుగు కాదు, కత్తితో కోసింది. ఇక్కడ ఇంకోటి. ఆ మూల ఇంకోటి."

"నువ్వే కోసుంటావు."

"నేను షీటు వేసి వెళ్లిపోయాను. దాని మీద చెక్కలు కొట్టిందెవరు?"

"అవన్నీ ఇప్పుడెందుకు?"

"రైమో, వాడు అడిగినదానికి చెప్పు."

"నేనే కొట్టాను. అయితే ఏంటి?"

"ఒక్కడివేనా బావా?"

"ఒక్కణ్ణే. ఇల్లు ఊపిరి పీల్చుకోవాలని మా నాన్న చచ్చేదాకా అన్నాడు. నా బిడ్డని ప్లాస్టిక్ సంచిలో పెట్టి పెంచనా?"

"మీ నాన్నది దుంగల ఇల్లు బావా. దానికి దూదీ లేదు, షీటూ లేదు."

"మంచికే కోశాను. పిల్ల కోసమే కోశాను."

"కోసి, నన్ను ఊరంతా తిట్టావు."

"ఇలా అవుతుందని నాకేం తెలుసు? ఇవాళ గోడ విప్పాకేగా తెలిసింది."

"ఇవాళేనా, రైమో?"

"ఇవాళే. ఒట్టు."

"మరి క్రిస్మస్ ముందు ఈ గోడ మీద నల్లటి బూజు మరక వస్తే, నాకు చెప్పకుండా, అది కనబడకుండా పిల్ల మంచం దానికి ఆనించి వేశావెందుకు?"